దూడల్ని పిలిచిన గొంతు

జూన్ 6

ఒరేయ్ బుడ్డోడా,

నీకు నలభై ఏళ్ళు దగ్గరపడుతున్నా నిన్ను ఇలాగే పిలుస్తాను, ఏం చేసుకుంటావో చేసుకో. ఆశీస్సులన్నీ ఈ ఉత్తరంలోనే కట్టకట్టి పంపిస్తున్నాను. ఇకమీద రాసేవాటిలో విడిగా వెతుక్కోకు.

నాకు ఉత్తరాలు రాయడం ఇంకా వచ్చని ఇవాళే తెలిసింది. ఫోను మోగితే తీసి ఏం చేయను? అవతలివాళ్ళు హలో హలో అని గొంతు చించుకుంటుంటే నేను గాలి వదులుతూ కూర్చోవాలి. మెసేజీలు పెట్టమంటావు. ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, నా వేళ్ళేమో బకెట్టు పిడికి అలవాటుపడ్డవి. కాబట్టి కాగితమే దిక్కు.

కుట్లు విప్పారు. గొంతులో గడ్డతో పాటు మాట పలికే భాగం కూడా తీసేశామని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఇప్పుడు మెడ కింద కన్నంలోంచి ఊపిరి, దాని మీద ఒక గుడ్డ. అలవాటవుతోంది. నొప్పి గురించి రాయను. రాస్తే తగ్గేది కాదు.

అసలు విషయానికి వస్తాను. నేను దూడల షెడ్డుకి తిరిగి వెళ్ళాలి. ఇంట్లో నాలుగు గోడల్నీ చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. మొన్న మా సూపర్‌వైజరు చూడటానికి వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుని, "అమ్మా, మాట లేకుండా దూడల దగ్గర ఎలా?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. ఇన్నేళ్ళలో నేను పిలవకుండా వాటికి ఒక్క పూట కూడా పాలు పోయలేదు. ముందు పిలుపు, ఆ తర్వాతే బకెట్టు. నా గొంతు వినబడగానే చెవులు నిక్కబొడుచుకుని, నాలుకలు బయటపెట్టి, కంచె పట్టీలు నాకడం మొదలుపెట్టేవి. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పాలు పోసినవాడు నోరు మెదపకుండా పోశాడట. రెండింటికి పొట్ట ఉబ్బింది, పేడ బంకమట్టిలా పడింది. వాడి తప్పో, నా పిలుపు లేకో, నాకు తెలియదు.

నీ దగ్గర కడుపులోకి చూసే మిషను ఉంది. పోయినసారి వచ్చి నా పిలుపు రికార్డు చేసుకుని కూడా వెళ్ళావు. చూసి చెప్పు. పిలవకపోతే పాలు వెళ్ళాల్సిన చోటికి వెళ్తాయా, వెళ్ళవా? నెలాఖరుకల్లా సూపర్‌వైజరుకి ఏదో ఒకటి చెప్పాలి.

మీ బావ బాగానే ఉన్నాడు. నాకు మాట పోయిందంటే చెవులు కూడా పోయాయనుకుంటున్నాడు, వచ్చి చెవిలో అరుస్తున్నాడు. నాకు నవ్వొస్తుంది. నవ్వితే చప్పుడు రాదు కదా, ఏడుస్తున్నాననుకుని ఇంకాస్త గట్టిగా అరుస్తాడు.

నీ అక్క


జూన్ 13

అక్కా,

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు గుండె ఆగినంత పనయింది, ఏమైందోనని. తీరా చదివితే తిట్లతో మొదలైంది. అప్పుడు ప్రాణం కుదుటపడింది.

నువ్వు అడిగింది మా పశువైద్య కాలేజీలో మేము ఎలాగూ చూడబోతున్నదే. నీకు అర్థమయ్యేలా చెబుతాను, విసుక్కోకుండా చదువు. దూడ కడుపులో నాలుగు గదులు. పాలు తాగే వయసులో మొదటి మూడింటికీ ఇంకా పని రాదు. పాలు నాలుగో గదికి చేరితేనే విరిగి, గడ్డకట్టి, అరుగుతాయి. దూడ ఆత్రంగా చప్పరిస్తున్నప్పుడు గొంతు దిగువన రెండు కండ మడతలు దగ్గరికొచ్చి గొట్టంలా మూసుకుంటాయి. ఆ గొట్టంలోంచి పాలు మొదటి గదిని దాటేసి నేరుగా నాలుగోదాంట్లో పడతాయి. మూసుకోకపోతే మొదటి గదిలోనే పడి పులిసిపోతాయి. నువ్వు చెప్పిన ఉబ్బూ, బంకమట్టి పేడా అదే. పాలు నోట్లో పడకముందే, వస్తున్నాయని తెలిస్తే చాలు, కొన్ని దూడలకి ఆ మడతలు సిద్ధమైపోతాయి. కాబట్టి నీ అనుమానం కొట్టిపారేయాల్సింది కాదు.

నా పని ఏమిటంటే, దూడ పొట్ట కింద బొచ్చు గొరిగి, జెల్లు రాసి, స్కానింగ్ పరికరం ఆనించి పట్టుకోవడం. జెల్లు చల్లగా తగిలేసరికి అది నా మోకాలి మీద ఒక్క తన్ను తంతుంది. ఆ తర్వాత తెర మీద చూస్తే నాలుగో గది ఖాళీ సంచిలా ముడుచుకుని ఉంటుంది. పాలు తాగుతున్నకొద్దీ కళ్ళముందే పొంగుతుంది. కాసేపటికి విరిగిన ముద్దలు తెల్లగా తేలతాయి. ఎంత పొంగిందో, ఎంతసేపటికి ఖాళీ అయిందో కొలుస్తాను. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఇంట్లో ఎవరికైనా చెబితే మాత్రం, తినేటప్పుడు కడుపుల సంగతి ఎందుకంటారు.

కొన్ని దూడలకి నీ పిలుపు వినిపించి పాలు పోస్తాను, కొన్నిటికి వినిపించకుండా పోస్తాను. అన్ని పూటలా ఒకే పిలుపు, ఒకే పొడవు ఉండాలని మా మేడం పట్టుబట్టింది. అందుకని రికార్డులో మధ్యమధ్య వచ్చిన చప్పుళ్ళన్నీ తీసేసి శుభ్రం చేసి పెట్టుకున్నాను. ఇప్పుడు నీ గొంతు అద్దంలా ఉంది. నెలాఖరులోపే రాస్తాను. దిగులు పెట్టుకోకు.

బావని అరవొద్దన్నానని చెప్పు. చెప్పలేవు కదా, ఈ ముక్క చూపించు.

నీ తమ్ముడు


జూన్ 19

బుడ్డోడికి,

ముక్క చూపించాను. చదివి, "నేనెక్కడ అరుస్తున్నాను?" అని అరిచాడు.

మెడలో పిల్లల పలక ఒకటి కట్టుకుని తిరుగుతున్నాను. కూరల కొట్టువాడు నేను రాసేలోపల తూకం వేసేస్తున్నాడు. నేను వద్దని రాసేసరికి సంచిలో పడిపోయి ఉంటాయి. ఈ వారం మా ఇంట్లో ఎవరూ తినని వంకాయలు రాశిపోసి ఉన్నాయి. బేరమాడటానికి గొంతు ఎంత అవసరమో ఇప్పుడు తెలిసొచ్చింది. మీ బావని పిలవాలంటే గరిటెతో పళ్ళెం మీద కొడుతున్నాను. మొదట్లో పరుగెత్తుకొచ్చేవాడు, ఇప్పుడు ఒకటికి మూడుసార్లు కొడితే గానీ కదలడం లేదు.

నాలుగు గదుల సంగతి రెండుసార్లు చదివాను. బాగా చెప్పావు. కానీ నేను అడగాలనుకుంటున్నది ఇంకొకటుంది. నా గొంతు పెట్టెలో పెట్టి అక్కడ దూడలకి వినిపిస్తున్నావంటే ఇక్కడ కూర్చుని నాకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది. నాలో లేనిది నీ దగ్గర పనిచేస్తోంది కదా అని. వినగానే అవి తల ఎత్తుతున్నాయా? ఇటూ అటూ చూస్తున్నాయా? ముందు అది రాయి. మిషను ఏం చెప్పిందో తర్వాత రాద్దువుగాని.

రికార్డు చేసిన రోజు గుర్తుందా? షెడ్డంతా తీగలు పరిచి, చెవులకి అవేవో తగిలించుకుని, పెద్ద ఆఫీసరులా నిలబడ్డావు. నా చేత తిట్లు తిన్నావు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

సూపర్‌వైజరు మళ్ళీ కబురు పెట్టాడు. నీ ఉత్తరం రాగానే చూపిస్తానని, వచ్చినవాడికి పలక మీద రాసి చూపించాను.

అక్క


జూన్ 27

అక్కా, శుభవార్త!

నీ గొంతుతో పనే లేదు!

వరసగా అన్ని పూటలూ చూశాను. పిలుపు విన్న దూడలకీ, వినని దూడలకీ తేడా వెంట్రుకవాసి కూడా లేదు. పాలు రెండు గుంపులకీ తిన్నగా నాలుగో గదిలోకే పోతున్నాయి. పొంగడం ఒకటే, ఖాళీ అవడం ఒకటే. మొదటి రెండు పూటలు గడిచేసరికి బకెట్టు చప్పుడు వింటేనే చప్పరించడం మొదలుపెడుతున్నాయి. స్కానింగ్ బొమ్మలు రెండు పంపుతున్నాను. పైది పిలిచినప్పటిది, కిందది పిలవనప్పటిది. ఏది ఏదో వెనక రాశాను, లేకపోతే నేనే పోల్చుకోలేను.

తల ఎత్తుతున్నాయా అన్నావు. లేదు. ఒకటి మాత్రం పెట్టె దగ్గరికి వెళ్ళి వాసన చూసి, నచ్చక వెనక్కి వచ్చేసింది. ఇన్నేళ్ళూ ఊరికే గొంతు అరగదీసుకున్నావన్నమాట!

ఈ ఉత్తరం యథాతథంగా సూపర్‌వైజరుకి చూపించు. పిలవక్కర్లేదు, పాలు పోస్తే చాలునని పరీక్ష చేసి తేల్చామని చెప్పు. ఇక ఆయన ఏ వంకా పెట్టలేడు. మేడం కూడా సంతోషించింది, దీన్ని వచ్చే నెల సదస్సులో చెప్పమంది.

పరుగున వెళ్ళి పోస్టు చేస్తున్నాను.

నీ తమ్ముడు


జూలై 3

తమ్ముడికి,

ఉత్తరం అందింది. బొమ్మలు కూడా. సూపర్‌వైజరుకి చూపించాను. రెండూ ఒకేలా ఉన్నాయని ఆయన కూడా అన్నాడు.

నేను ఇక షెడ్డుకి వెళ్ళడం లేదు.

ఇక్కడ వాన పడుతోంది. నువ్వు శ్రమపడి చూసినందుకు సంతోషం.

అక్క


జూలై 10

అక్కా,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. వానకి మెడ దగ్గర తడి తగలనీయకు, డాక్టరు గట్టిగా చెప్పాడు.

షెడ్డుకి ఇప్పుడే వెళ్ళకపోవడం మంచిదే. నేనే చెబుదామనుకున్నాను. అక్కడ గడ్డి దుమ్ము, ఫినాయిలు ఘాటు. కన్నం చుట్టూ పూర్తిగా మానేదాకా ఆగు. చోటు ఎక్కడికి పోతుంది? ఇన్నేళ్ళలో నువ్వు సరిగ్గా విశ్రాంతి తీసుకున్నదెప్పుడు? హాయిగా పడుకో, బావ చేత పని చేయించుకో.

నేను సదస్సు పనిలో తలమునకలుగా ఉన్నాను. నీ పిలుపు అక్కడ అందరికీ వినిపిస్తాను. నీ ఊరూ పేరూ చెప్పకూడదు కనక "పెంపకందారు స్వరం" అని రాశాను. గొప్పగా ఉంది కదూ? పెద్ద పెద్దవాళ్ళంతా కూర్చుని నీ గొంతు వింటారు.

వంకాయలు అయిపోయాయా?

నీ తమ్ముడు


జూలై 18

ఒరేయ్,

నేను విశ్రాంతి తీసుకోవడం లేదు. చోటు పోయింది. నీకు అర్థం కాలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మాటైతే పెళుసుగా వచ్చేది, నువ్వు పసిగట్టేవాడివి. కాగితం మీద అన్నీ చల్లగానే కనిపిస్తాయి.

జరిగింది ఇది. నీ ఉత్తరం పట్టుకుని ఉత్సాహంగా వెళ్ళాను. సూపర్‌వైజరు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. చదివి, "అయితే ఇబ్బందే లేదమ్మా. ఎవరు పోసినా ఒకటేనన్నమాట. మీరు ఇంటిపట్టున ఉండండి" అన్నాడు. పాలు పరీక్ష చేసే గదిలో తుడిచే అమ్మాయి ఉంది, చంటిపిల్ల తల్లి, ఆ పని ఆమెకిచ్చాడు. ఆయన మంచిగానే అన్నాడు, నా మీద జాలితోనే అన్నాడు. పలక చేతిలోనే ఉంది. ఒక్క అక్షరం రాయలేదు. ఏమని రాయను? నువ్వే తేల్చావుగా, బకెట్టు చప్పుడు చాలునని.

నాకు కోపం వచ్చింది. దాచను. నువ్వు మంచి జరగాలనే రాశావని తెలుసు, అయినా వచ్చింది. గొంతు పోయింది, పోనీ అనుకున్నాను. ఉన్నన్నాళ్ళూ దానికో పని ఉండేది కదా అని సర్దుకున్నాను. నువ్వు ఆ ఉన్నన్నాళ్ళని కూడా తీసేశావు. ఊరికే గొంతు అరగదీసుకున్నావని నవ్వుతూ రాశావు. ఆ ఒక్క ముక్క మీ బావకి చూపించకుండా మడిచి పెట్టుకున్నాను.

మొన్న మందులకని వెళ్తూ షెడ్డు వెనకనుంచి నడిచాను. లోపలికి వెళ్ళలేదు. కంచె దగ్గర కాసేపు ఆగాను. నా చేతి మీద పెరిగినవి ఇంకా ఉన్నాయి. పెద్ద చెవులది ముందు చూసింది. తర్వాత ఒక్కొక్కటే లేచి వచ్చి, నా ఎదురుగా వరసగా నిలబడి, పట్టీలు నాకడం మొదలుపెట్టాయి. నురగలు కారుతున్నాయి. నా దగ్గర బకెట్టు లేదు, చప్పుడు లేదు. పాలు లేనిదాన్ని అక్కడ నిలబడి వాటికి ఆశ పెట్టడం పాపమనిపించి వచ్చేశాను.

అది సరే. నాకు ఒకటి కావాలి. ఆ రికార్డు పంపు. దూడల్ని పిలిచింది కాదు, అది నీ సదస్సుకి ఉంచుకో. మధ్యలో నిన్ను తిట్టానే, అది కావాలి. దూడల్ని పిలిచే గొంతు వేరురా, అది కొంచెం తెచ్చిపెట్టుకున్నది. నిన్ను తిట్టింది నా మామూలు గొంతు. అది ఎలా ఉండేదో నాకు మెల్లగా గుర్తులేకుండా పోతోంది. పొద్దున్న పళ్ళు తోముకుంటూ తలుచుకుంటే రాలేదు. భయమేసింది.

అక్క


ఆగస్టు 2

అక్కా,

ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి పని వంక చెప్పను. రాయడానికి ధైర్యం చాలలేదు.

సదస్సులో నీ పిలుపు వినిపించాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అయిపోయాక మా మేడమే లేచి అందరి ముందూ ఒక ప్రశ్న అడిగింది. "ఈ దూడలకి ఆ మనిషి ఎవరో తెలుసా?" నా దగ్గరున్న దూడలు నిన్ను ఒక్కసారైనా చూడలేదు. నీ చేతి పాలు తాగలేదు. వాటికి నీ గొంతు గోడ మీది పెట్టెలోంచి వచ్చే ఒక చప్పుడు. తలుపు కిర్రుమన్నా ఒకటే, నువ్వు పిలిచినా ఒకటే. నేను పరీక్షించింది పెట్టెని, నిన్ను కాదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదంటే, అది నీ గొంతు. నాకు తెలిసినదే కాబట్టి వాటికీ తెలిసే ఉంటుందనుకున్నాను. అంత తెలివితక్కువ పని చేశాను.

మర్నాడే మిషను కారులో వేసుకుని మీ షెడ్డుకి వచ్చాను. నీకు ముందుగా చెప్పలేదు. అంతా సిద్ధం చేసి నిన్ను పిలిపించి, నువ్వు కంచె దగ్గర నిలబడితే నీ దూడల కడుపులో ఏం జరుగుతుందో చూసి, ఆ బొమ్మ నీ చేతిలో పెట్టాలని. సూపర్‌వైజరు నన్ను వెనక పచ్చికకి తీసుకెళ్ళాడు. పెద్ద చెవులది గడ్డి మేస్తోంది. నీ చేతి మీద పెరిగినవన్నీ పోయినవారమే పాలు మానేశాయట. షెడ్డులో ఉన్నవి కొత్తవి, వాటికి ఆ అమ్మాయే తెలుసు. ఆమె వాటితో మాట్లాడుతోంది కూడా. నీ చోటు అడగడానికే వచ్చానని సూపర్‌వైజరుతో అన్నాను. ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె బకెట్టు కింద పెట్టి నా వైపు చూసింది. ఇంకేం అడగను? నువ్వుంటే నన్ను అడగనిచ్చేదానివి కాదు.

నువ్వు పిలుస్తుంటే పాలు తాగిన దూడ కడుపు ఎలా ఉండేదో ఇక ఎవరూ చూడలేరు. చూడగలిగిన రోజున, రికార్డు చేసిన రోజున, మిషను నా కారులోనే ఉంది. బయటికి తీయలేదు.

మీ ఇంటి గేటు దాకా వచ్చాను. నువ్వు పెరట్లో బట్టలు ఆరేస్తున్నావు. పిలవబోయి ఆగిపోయాను. నువ్వు రికార్డు అడుగుతావు. ఏం చెప్పాలి?

అది లేదక్కా. శుభ్రం చేశానని రాశానే, అప్పుడు తీసేసింది అదే. పిలుపు మధ్యలో తిట్లు ఉంటే ఒక్కో దూడ ఒక్కోటి వింటుందని కోసేశాను. అసలుది దాచుకోలేదు. కంప్యూటరులో చోటు చాలక తుడిచేశాను. అప్పటికి నీ ఆపరేషను అయిపోయింది. నువ్వు ఇక మాట్లాడవని తెలిసిన తర్వాతే తుడిచాను. దూడలకోసమని అంత జాగ్రత్తగా పని చేస్తూ, నా చేతిలో ఏముందో చూసుకోలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

గుర్తున్నది రాసి పంపుతున్నాను. రెండో పిలుపు అయ్యాక నా వైపు తిరిగావు. "ఒరేయ్ బుడ్డోడా, ఆ తీగ తొక్కుతున్నావు చూసుకో! దూడకున్నపాటి బుద్ధి లేదురా నీకు. పక్కకి జరుగు, పాలు చల్లారిపోతున్నాయి" అన్నావు. "బుడ్డోడా" దగ్గర గొంతు పైకి లేచింది. "చల్లారిపోతున్నాయి" దగ్గరికి వచ్చేసరికి నవ్వేశావు, కొంచెం బొంగురుగా. ఆ నవ్వు అయ్యాక ఇంకో మాట అన్నావు. చిన్న మాటే. నాకు అది గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. నీకు గుర్తుందా?

నీ తమ్ముడు


ఆగస్టు 9

బుడ్డోడా,

గేటు దాకా వచ్చి వెళ్ళిపోతావా? ఈసారి అలా చేస్తే గరిటె పళ్ళెం మీద కొట్టను, నీ నెత్తి మీద కొడతాను.

ఆ అమ్మాయి చోటు అడగకపోవడం మంచి పని చేశావు. వాటితో మాట్లాడుతోందని రాశావు. ఆ ముక్క మీ బావకి కూడా చూపించాను.

తిట్టు అందింది. నువ్వు రాసినట్టే పెదవులు కదిపి అద్దం ముందు అని చూసుకున్నాను. నవ్వు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాతి మాట నాకూ గుర్తు రావడం లేదురా. మీ బావని అడిగాను, ఆ రోజు ఆయన షెడ్డు గుమ్మంలోనే ఉన్నాడు. పలక మీద రాసింది రెండుసార్లు చదివి, చాలా రోజుల తర్వాత మెల్లగా మాట్లాడాడు. "నువ్వు రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉండేదానివి కదా. మళ్ళీ అంటావులే అని, నేను వినలేదు" అన్నాడు.

అక్క